కొత్త కారు సర్వీసింగ్: కంపెనీ వర్క్‌షాపా, తెలిసిన మెకానిక్కా?

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం సర్వీసింగ్ గురించే ఉన్నాయి. ఒకే రకమైన ప్రశ్నలను కలిపి, కొన్నింటికి వివరంగానూ కొన్నింటికి క్లుప్తంగానూ జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మేము పెట్రోల్ కారు కొని ఏడాదిన్నర అయింది. ఉచిత సర్వీసులన్నీ షోరూమ్ వారి వర్క్‌షాపులోనే చేయించాం. ఇకపై డబ్బు చెల్లించి చేయించుకోవలసినవి మొదలవుతున్నాయి. మా పాత కారును ఏళ్ల తరబడి చూసుకున్న మెకానిక్ ఇదే పనిని దాదాపు సగం ఖర్చుకు చేస్తానంటున్నారు. బయట చేయిస్తే వారంటీ మొత్తం రద్దవుతుందని షోరూమ్‌లో గట్టిగా చెబుతున్నారు. ఇందులో నిజమెంత? — ఒక ఉపాధ్యాయురాలు, ఖమ్మం

జవాబు: బయట చేయించిన మరుక్షణం వారంటీ మొత్తం పోతుందన్న మాటను మీరు యథాతథంగా నమ్మనవసరం లేదు. అయినా వారంటీ ఉన్నంతకాలం షెడ్యూలు ప్రకారం జరగవలసిన సర్వీసును కంపెనీ వర్క్‌షాపులోనే చేయించమని నా సలహా. ఈ రెండు మాటలకూ పొంతన లేనట్టు కనిపిస్తుంది కాబట్టి కొంత వివరంగా చెప్పవలసి ఉంది.

మార్కెట్లో న్యాయమైన పోటీ ఉండేలా చూసే కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టు 25న ఇచ్చిన ఉత్తర్వు ఈ విషయంలో ముఖ్యమైనది. కార్ల కంపెనీలు స్పేర్ పార్టులను, కారులోని లోపాలను చదివే కంప్యూటర్ పరికరాలను బహిరంగ మార్కెట్లోకి రానివ్వకుండా తమ డీలర్ల దగ్గరే అట్టిపెట్టి పోటీని దెబ్బతీస్తున్నాయని తేల్చి, ఆ రోజున 14 కంపెనీలపై 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. జరిమానా వార్త అందరికీ గుర్తుంది గాని, మీకూ నాకూ పనికివచ్చే భాగం ఆ ఉత్తర్వులోని ఆదేశాలలో ఉంది. బయటి గ్యారేజీలో పని చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దవుతుందన్న షరతును కంపెనీలు పెట్టకూడదని, బయటి వారి పనిలో లోపం వల్ల ఏ నష్టం జరిగిందో ఆ నష్టం మేరకు మాత్రమే వారంటీని నిరాకరించవచ్చునని కమిషన్ చెప్పింది. దీనిపై కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. అందువల్ల ఆ ఉత్తర్వు కాగితాన్ని చూపించగానే షోరూమ్ కౌంటర్ దగ్గర వాదన అక్కడికక్కడే మీ పక్షాన తేలిపోతుందని మాత్రం అనుకోకండి.

ఇక ఆచరణలో ఏం జరుగుతుందో చూడండి. కారులో ఏదైనా భాగం చెడిపోయి మీరు వారంటీ కింద మార్చమని అడిగినప్పుడు, డీలరు ఆ అభ్యర్థనను కంపెనీకి పంపుతారు. కంపెనీ వారు ఛాసిస్ నంబరు కొట్టి చూస్తే, ఏ తేదీన ఎన్ని కిలోమీటర్ల దగ్గర ఏ సర్వీసు జరిగిందో వరుసగా కనిపిస్తుంది. ఆ వరుసలో ఒక సర్వీసు లేకపోతే మొదటి ప్రశ్న అక్కడే మొదలవుతుంది. చెడిపోయింది పవర్ విండో మోటారు అయితే, దానికీ బయట మార్పించిన ఇంజిన్ ఆయిల్‌కూ సంబంధం లేదని మీరు గట్టిగా నిలబడి వాదించవచ్చు. చెడిపోయింది ఇంజిన్ అయితే మాత్రం పోసిన ఆయిల్ ఏ గ్రేడుది, ఎన్ని కిలోమీటర్లకు మార్చారు, ఫిల్టరు ఎక్కడిది అన్న ప్రశ్నలన్నింటికీ మీ దగ్గర రాతపూర్వకంగా జవాబు ఉండాలి. ఇటీవలి పెట్రోల్ కార్లలో చాలావాటికి 0డబ్ల్యూ-20, కొన్నింటికి 0డబ్ల్యూ-16 వంటి పలుచని ఆయిల్ వాడాలని కంపెనీలు నిర్దేశిస్తున్నాయి. పాత కార్లతో చేయి తిరిగిన మెకానిక్ అలవాటు కొద్దీ చిక్కటి 20డబ్ల్యూ-50 పోస్తే, ఆయనకు మీ మీద ఎంత అభిమానం ఉన్నా మీ కారుకు మేలు జరగదు.

సంవత్సరానికి ఒకటో రెండో సర్వీసులలో మిగిలే డబ్బును ఒక పక్కన, ఏసీ కంప్రెసరో స్టీరింగ్ మోటారో సొంత ఖర్చుతో మార్పించుకోవలసి వస్తే అయ్యే మొత్తాన్ని మరో పక్కన పెట్టి చూడండి. నా సలహాకు కారణం ఈ లెక్కే.

మీ కారు ఏ కంపెనీదో మీరు రాయలేదు. వారంటీ గడువును సొంతంగా పుస్తకంలో చూసుకోండి, ఎవరి నోటిమాట మీదా ఆధారపడకండి. ఉదాహరణకు మారుతీ సుజుకీ అంతకుముందు రెండేళ్లు లేదా 40,000 కిలోమీటర్లుగా ఉన్న సాధారణ వారంటీని 2024 జూలై నుంచి అమ్మిన కార్లకు మూడేళ్లు లేదా లక్ష కిలోమీటర్లకు పెంచింది. ఏడాదిన్నర క్రితం కొన్న కారుకు, మూడేళ్ల క్రితం కొన్న కారుకు ఒకే కంపెనీలోనే గడువు వేరుగా ఉంటుందన్న మాట. సంవత్సరాలు, కిలోమీటర్లలో ఏది ముందు పూర్తయితే అక్కడితో వారంటీ ముగుస్తుంది. పొడిగించిన వారంటీ కావాలనుకుంటే దాన్ని సాధారణంగా ఈ మొదటి గడువు లోపలే కొనవలసి ఉంటుంది. అది కొన్నవారికి షెడ్యూలు సర్వీసులు కంపెనీలోనే చేయించాలన్న షరతు మరింత కచ్చితంగా వర్తిస్తుంది.

మీ మెకానిక్‌ను పూర్తిగా వదులుకోమని నేను అనడం లేదు. టైర్లు, వీల్ అలైన్‌మెంట్, వైపర్లు, బల్బులు, చిన్న సొట్టలు, గీతలు వంటి పనులన్నీ నిశ్చింతగా ఆయన చేతిలో పెట్టవచ్చు. బ్యాటరీకి ఆ బ్యాటరీ తయారీదారే వేరుగా వారంటీ ఇస్తారు. ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. అదనపు లైట్లు, పెద్ద హారన్, కొత్త మ్యూజిక్ సిస్టమ్ వంటివి బిగించేటప్పుడు కారు సొంత వైరింగును ఎక్కడా కోయనివ్వకండి. కోసి టేపు చుట్టిన వైరు కనిపిస్తే ఆ సర్క్యూటుకు సంబంధించిన వారంటీని నిరాకరించడానికి కంపెనీకి అంతకన్నా బలమైన కారణం అక్కర్లేదు, ఆ నిరాకరణను తప్పుపట్టడమూ కష్టం.

ప్రశ్న: మా కారు 20,000 కిలోమీటర్ల సర్వీసుకు ఇస్తే, ముందు ఆరు వేలు అవుతుందన్నవారు చివరికి పద్నాలుగు వేల బిల్లు చేతిలో పెట్టారు. ఇంజిన్ ఫ్లషింగ్, ఇంజెక్టర్ క్లీనింగ్, ఏసీ ట్రీట్‌మెంట్, అండర్‌బాడీ కోటింగ్ అని ఏవేవో రాశారు. ఇవన్నీ అవసరమా? ఇలాంటప్పుడు బయటికి వెళ్లడమే మంచిది కదా? — ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీ కోపం న్యాయమైనదే. కంపెనీ వర్క్‌షాపు ఖరీదైనదన్న పేరు రావడానికి అసలు సర్వీసు కన్నా ఈ కొసరు పనులే ఎక్కువ కారణమని నా అభిప్రాయం. వాటిని తీసివేసి చూస్తే కంపెనీ సర్వీసుకూ బయటి సర్వీసుకూ తేడా చాలా మంది అనుకున్నంత ఉండదు.

మీ కారుతో వచ్చిన ఓనర్స్ మాన్యువల్ చివరి పేజీలలో మెయింటెనెన్స్ షెడ్యూల్ పట్టిక ఉంటుంది. ఎన్ని కిలోమీటర్లకు లేదా ఎన్ని నెలలకు ఏది మార్చాలి, ఏది శుభ్రం చేయాలి, ఏది చూసి వదిలేయాలి అన్నది అందులో గళ్లుగళ్లుగా రాసి ఉంటుంది. 20,000 కిలోమీటర్ల దగ్గర సాధారణంగా ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టరు, డ్రెయిన్ ప్లగ్ వాషరు మారుస్తారు. గాలి ఫిల్టరును, ఏసీ ఫిల్టరును చూసి అవసరమైతే మారుస్తారు. బ్రేకులు, సస్పెన్షన్, బెల్టు పరీక్షిస్తారు. టైర్లను అటూ ఇటూ మారుస్తారు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి చాలా కార్లలో దాన్ని రెండేళ్లకోసారి మార్చమని ఉంటుంది. అది నిజంగా అవసరమైన ఖర్చు, దానికి వెనుకాడకండి.

ఇప్పుడు మీ బిల్లుకు వద్దాం. ఇంజిన్ ఫ్లషింగ్ అంటే పాత ఆయిల్ తీసే ముందు ఒక ద్రావకాన్ని పోసి ఇంజిన్‌ను కాసేపు నడపడం. ఆయిల్ సకాలంలో మారుస్తున్న కారుకు దాని అవసరం కనిపించదు. ఇంజెక్టర్ క్లీనింగ్ కూడా అంతే; బండి పికప్ తగ్గినప్పుడో, ఐడ్లింగ్‌లో వణుకుతున్నప్పుడో ఆలోచించవలసిన పని, 20,000 కిలోమీటర్లు తిరిగి చక్కగా నడుస్తున్న కారుకు చేయవలసినది కాదు. ఏసీ ట్రీట్‌మెంట్ పేరిట సాధారణంగా చేసేది లోపల క్రిమిసంహారక నురగ చల్లడం. ఏసీ వేయగానే ముక్కవాసన వస్తుంటే తప్ప అక్కర్లేదు. అండర్‌బాడీ కోటింగ్ విషయంలో మాత్రం నేను అంత ఖండితంగా చెప్పను. కార్ల అడుగుభాగానికి ఫ్యాక్టరీలోనే తుప్పు పట్టకుండా పూత వేస్తారు. సముద్రపు గాలి తగిలే మచిలీపట్నం, కాకినాడ వంటి చోట్ల ఏళ్ల తరబడి ఉంచుకోదలచిన వారికి అదనపు పూత వల్ల కొంత ప్రయోజనం ఉండవచ్చు. ఒకసారి చేయించినదాన్ని ప్రతి సర్వీసుకూ చేయించాలనడం మాత్రం సరికాదు.

తాళం చెవి ఇచ్చే ముందే జాగ్రత్తపడాలి. సర్వీస్ అడ్వైజర్ రాసే జాబ్ కార్డులో పనుల పేర్లు పొట్టి అక్షరాలలో వరుసగా పడిపోతాయి, కింద మీ సంతకం తీసుకుంటారు. మొహమాటపడకుండా ఒక్కొక్క పనినీ చదివించుకుని, షెడ్యూలులో లేనివాటిని కొట్టివేయించండి. 'మాన్యువల్ షెడ్యూల్ ప్రకారం మాత్రమే, అదనపు పనులు ఫోన్‌లో చెప్పి నేను ఒప్పుకున్నాకే' అని మీ చేత్తో ఆ కార్డు మీదే రాసి సంతకం చేయండి. మార్చిన పాత భాగాలు తిరిగి ఇవ్వమని అప్పుడే చెప్పండి. సాయంత్రం బండి తీసుకునేటప్పుడు బిల్లులో ఆయిల్ ఎన్ని లీటర్లు వేశారో చూసి మాన్యువల్‌లోని పరిమాణంతో పోల్చండి. మూడున్నర లీటర్లు పట్టే ఇంజిన్‌కు నాలుగున్నర లీటర్ల బిల్లు ఉంటే అడగవలసిందే. పన్ను వరుసను కూడా చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి కారు విడిభాగాలపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది, లేబర్ మీద ముందు నుంచీ 18 శాతమే ఉంది.

ఇప్పటికే చెల్లించిన బిల్లు విషయంలో, మీ అనుమతి లేకుండా చేర్చిన పనుల వివరాలతో మొదట కంపెనీ కస్టమర్ కేర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. జవాబు సంతృప్తికరంగా లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అక్కడా పని జరగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, దానికి రెండేళ్ల లోపు వెళ్లాలి. ఇంకో మాట: ఒక వర్క్‌షాపుతో విసిగిపోతే అదే కంపెనీకి చెందిన మరో డీలరు దగ్గరకు వెళ్లవచ్చు. కారు కొన్నచోటే సర్వీసు చేయించాలన్న నియమం లేదు, సర్వీసు వివరాలు ఛాసిస్ నంబరుతో అందరికీ కనిపిస్తాయి. బయటి గ్యారేజీకి వెళ్లే ముందు ఆ దారి ప్రయత్నించి చూడండి.

ప్రశ్న: నాది 2020 చివరలో కొన్న డీజిల్ ఎస్‌యూవీ. వారంటీ అయిపోయింది. ఇకనైనా బయటి గ్యారేజీకి మారవచ్చా? మంచి గ్యారేజీని, అసలైన స్పేర్ పార్టులను గుర్తుపట్టడం ఎలా? — ఒక రైతు, అనంతపురం

జవాబు: మారవచ్చు. వారంటీ ముగిసిన కారుకు నమ్మకమైన బయటి గ్యారేజీయే మేలైన దారి అని నేను సాధారణంగా చెబుతాను. లేబర్ ఖర్చు తగ్గుతుంది, పని చేసిన మనిషితోనే నేరుగా మాట్లాడవచ్చు, మొత్తం అసెంబ్లీని మార్చకుండా అందులో చెడిన భాగాన్ని మాత్రమే బాగుచేసే ఓపిక అక్కడ ఎక్కువ. అయితే మీది 2020 ఏప్రిల్ 1 తర్వాత వచ్చిన, బీఎస్6 అనే కఠినమైన కాలుష్య ప్రమాణాలకు తగిన డీజిల్ బండి. పాత డీజిల్ బండ్లతో పోలిస్తే దీనికి గ్యారేజీని ఎంచుకోవడంలో అదనపు జాగ్రత్త కావాలి.

ఈ బండ్ల పొగ గొట్టంలో మసిని పట్టి ఉంచే డీపీఎఫ్ అనే ఫిల్టరు ఉంటుంది. పేరుకున్న మసిని ఇంజిన్ తనంతట తానే అప్పుడప్పుడు ఎక్కువ వేడితో కాల్చేస్తుంది. అందుకు బండి కొంతసేపు ఆగకుండా మంచి వేగంతో నడవాలి. మసి కాలిపోతుంది గాని, ఇంజిన్ ఆయిల్ కాలడం వల్ల మిగిలే బూడిద కాలదు, అది ఫిల్టరులోనే ఉండిపోతుంది. అందుకే ఈ ఇంజిన్లకు తక్కువ బూడిద ఇచ్చే ప్రత్యేకమైన ఆయిల్ చెబుతారు, డబ్బా మీద సీ2, సీ3 వంటి గుర్తులు ఉంటాయి. ఏ గుర్తు ఉండాలో మీ మాన్యువల్‌లో చూసుకోండి. చవకగా వస్తుందని మామూలు డీజిల్ ఆయిల్ పోయిస్తే అప్పటికప్పుడు తేడా ఏమీ తెలియదు. కొన్నేళ్ల తర్వాత ఫిల్టరు పూడుకుపోయి ఖర్చు తడిసి మోపెడవుతుంది.

కాబట్టి గ్యారేజీకి వెళ్లగానే మీ బండికి ఏ ఆయిల్ పోస్తారని అడగండి. గ్రేడుతో పాటు ఈ గుర్తును కూడా చెప్పగలిగిన వారైతే సగం పరీక్ష నెగ్గినట్టే. మీ మోడల్‌లో డీపీఎఫ్ మసి శాతాన్ని చదవగల స్కానర్ వారి దగ్గర ఉందా, అవసరమైతే దానితో మసి కాల్చే ప్రక్రియను నడపగలరా అన్నది ఆ తర్వాత అడగండి. డాష్‌బోర్డులో హెచ్చరిక లైటు వెలిగితే స్కానర్‌తో ఆ లోపం కోడు చెరిపేసి పంపే వారి దగ్గరకు వెళ్లకండి. కోడు ఎందుకు వచ్చిందో వెతికేవారు కావాలి. డీపీఎఫ్‌నే తీసిపారేస్తామని ఎవరైనా ముందుకొస్తే అక్కడి నుంచి బండి వెనక్కి తిప్పుకోండి, అది కాలుష్య నిబంధనలకు విరుద్ధం. జీఎస్టీతో పక్కా బిల్లు ఇచ్చే గ్యారేజీనే ఎంచుకోండి. బాష్ కార్ సర్వీస్ వంటి గొలుసు సంస్థలు పెద్ద పట్టణాలలో ఉన్నాయి. పేరు ఒకటే అయినా పనితనం ఒక్కో శాఖలో అక్కడి మనుషులను బట్టి మారుతుంది కాబట్టి బోర్డు చూసి మాత్రమే నిర్ణయించకండి.

స్పేర్ పార్టుల సంగతి. కారు కంపెనీ పేరుతో వచ్చే భాగాలలో చాలావాటిని బాష్, మాన్, మాహ్లే, వాలియో, లూకాస్ టీవీఎస్ వంటి సంస్థలు తయారుచేసి కంపెనీలకు సరఫరా చేస్తాయి. ఆ సంస్థలు తమ సొంత పేరుతో బజారులో అమ్మే ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు వాడటంలో తప్పేమీ లేదు. ప్రమాదమంతా నకిలీ సరుకుతోనే. విజయవాడ ఆటోనగర్‌లోనూ, సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనూ అసలు సరుకూ దొరుకుతుంది, అదే డబ్బాలో పెట్టిన నకిలీ సరుకూ దొరుకుతుంది. డబ్బా ముద్రణ చూసి తేల్చడం ఈ రోజుల్లో కష్టం. కంపెనీ అధీకృత విడిభాగాల దుకాణంలో బిల్లుతో కొని మీరే గ్యారేజీకి తీసుకెళ్లడం అన్నిటికన్నా సులువైన రక్షణ. పాత భాగం మీద ఉన్న పార్ట్ నంబరును ఫోటో తీసుకుని వెళ్తే పొరపాటు జరగదు.

నకిలీ ఎంత నష్టం చేస్తుందో ఆయిల్ ఫిల్టరులో స్పష్టంగా కనిపిస్తుంది. మంచి ఫిల్టరు లోపల ఒక రబ్బరు వాల్వు ఉండి, ఇంజిన్ ఆపాక ఆయిల్ అంతా కిందికి జారిపోకుండా ఆపుతుంది. నాసిరకం ఫిల్టరులో ఆ రబ్బరు సరిగా ఉండదు. రాత్రంతా ఆయిల్ కిందికి దిగిపోయి, పొద్దున స్టార్ట్ చేయగానే కొన్ని క్షణాలపాటు ఇంజిన్ పైభాగం పొడిగా తిరుగుతుంది. ఆ సమయంలో టకటకమనే చప్పుడు వచ్చి, ఆయిల్ లైటు మామూలు కన్నా ఆలస్యంగా ఆరుతుంది. సర్వీసు చేయించిన మర్నాడు పొద్దున ఈ లక్షణం కొత్తగా కనిపిస్తే వెంటనే ఫిల్టరు మార్పించండి.

గ్యారేజీ మారినా కంపెనీతో సంబంధం తెగిపోనివ్వకండి. తయారీలో లోపం బయటపడి కంపెనీ బండ్లను వెనక్కి పిలిచినప్పుడు ఆ మరమ్మతు ఉచితం, మీరు సర్వీసు ఎక్కడ చేయించుకున్నా మీకు ఆ హక్కు ఉంటుంది. 2023 జనవరిలో మారుతీ సుజుకీ ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్‌ను పరీక్షించి మార్చడానికి 17,362 కార్లను పిలిచింది. ఇలాంటి కబురు మీకు అందాలంటే కంపెనీ దగ్గర మీ ప్రస్తుత ఫోన్ నంబరు ఉండాలి. ఏటా ఒకసారైనా ఛాసిస్ నంబరు చెప్పి పెండింగ్ ఏమైనా ఉందేమో డీలరును అడగండి.

ప్రశ్న: మేము అమెరికాలో ఉంటున్నాం. కొత్త కారుకు ఇక్కడ కూడా డీలర్ దగ్గరే ఆయిల్ మార్పించాలా? — ఒక పాఠకురాలు, ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: అవసరం లేదు. అక్కడ 1975 నాటి మాగ్నుసన్-మాస్ వారంటీ చట్టం ఉంది. ఉచితంగా చేసిపెడితే తప్ప, ఫలానా చోటే సర్వీసు చేయించాలనీ ఫలానా పేరున్న భాగమే వాడాలనీ వారంటీకి షరతు పెట్టడాన్ని ఆ చట్టం అనుమతించదు. బయటి పని వల్లే నష్టం జరిగిందన్నది కంపెనీయే చూపించాలి. అయితే సర్వీసు సకాలంలో జరిగిందని చూపే బాధ్యత మీదే; తేదీ, మైళ్లు, ఆయిల్ గ్రేడు రాసిన రసీదులన్నీ దాచుకోండి. టయోటా వంటి కంపెనీలు రెండేళ్లు లేదా 25,000 మైళ్ల వరకు షెడ్యూలు సర్వీసును కారుతోపాటే ఉచితంగా ఇస్తాయి, ఆ గడువులో డీలరు దగ్గరకే వెళ్లడం లాభం. లీజు కారు అయితే లీజు పత్రంలోని షరతులను వేరుగా చదువుకోండి.

ప్రశ్న: ఎలక్ట్రిక్ కారు కొన్నాం. ఇందులో ఆయిల్ లేదు, ఫిల్టరు లేదు. అయినా ప్రతి ఏటా షోరూమ్‌కు పిలుస్తున్నారు. మానేస్తే నష్టమేమిటి? — ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఇంజిన్ ఆయిల్ లేకపోయినా బ్రేక్ ఆయిల్ ఉంటుంది, ఏసీ ఫిల్టరు ఉంటుంది, చాలా మోడళ్లలో బ్యాటరీని చల్లబరిచే కూలెంట్ కూడా ఉంటుంది. వీటికి తోడు బ్యాటరీని నియంత్రించే సాఫ్ట్‌వేర్ మార్పులు వస్తుంటాయి. ఈ కారులో అత్యంత ఖరీదైన వస్తువు బ్యాటరీయే. దాని వారంటీ మిగతా కారు కన్నా చాలా ఎక్కువ కాలం ఉంటుంది; టాటా నెక్సాన్ ఈవీ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇచ్చారు. అంత విలువైన హామీని ఏడాదికొకసారి అయ్యే చిన్న ఖర్చు కోసం వివాదంలో పడేసుకోవద్దు. టైర్లు, అలైన్‌మెంట్, వైపర్లు బయట చేయించుకోండి. బ్యాటరీ బరువు వల్ల ఈ కార్ల టైర్లు త్వరగా అరుగుతాయి, మార్చేటప్పుడు అంతే లోడ్ రేటింగ్ (టైరు మోయగల బరువు) ఉన్నవే వేయించండి. బానెట్ కింద, కారు అడుగున నారింజ రంగు తొడుగుతో కనిపించే వైర్లలో ప్రాణాంతకమైన వోల్టేజీ ఉంటుంది. ప్రత్యేక శిక్షణ లేని వారిని, ఎంత అనుభవజ్ఞులైనా సరే, వాటి జోలికి వెళ్లనివ్వకండి. ఇక్కడ డబ్బు కన్నా మనిషి ప్రాణం ముఖ్యం.

ప్రశ్న: రెండేళ్ల కారుకు ముందు బంపరు పగిలింది, తలుపు మీద సొట్ట పడింది. కంపెనీ బాడీషాపు చెప్పిన అంచనా బయటి డెంటింగ్ షెడ్డుకు రెట్టింపు ఉంది. ఇన్సూరెన్స్ ఉంది. ఎక్కడ చేయించాలి? — ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ముందుగా మీ పాలసీలో జీరో డిప్రిసియేషన్ కవర్ (భాగాల పాతదనాన్ని బట్టి క్లెయిములో కోత పెట్టని అదనపు రక్షణ) ఉందో లేదో చూడండి. లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాల ఖరీదులో 50 శాతం మీరే భరించాలి, బంపరు ప్లాస్టిక్ వస్తువే. ఏడాది దాటి రెండేళ్ల లోపు ఉన్న కారుకు లోహపు భాగాల మీద 10 శాతం, రెండేళ్లు దాటితే 15 శాతం తగ్గిస్తారు. దానికి తోడు 1500 సీసీ లోపు కారుకు వెయ్యి రూపాయలు, ఆపైన ఉన్నదానికి రెండు వేలు తప్పనిసరిగా మీ వాటా. క్లెయిము చేస్తే వచ్చే ఏడాది నో క్లెయిమ్ బోనస్ పోతుంది. మొదటి ఏడాదికి 20 శాతంతో మొదలై ఐదేళ్లకు 50 శాతం వరకు పెరిగే తగ్గింపు అది. ఇవన్నీ తీసివేశాక చేతికి వచ్చేది స్వల్పమైతే, క్లెయిము లేకుండా సొంత డబ్బుతో మంచి డెంటింగ్ షెడ్డులో చేయించుకోవడమే మీకు కలిసివస్తుంది. పెయింటు మిక్సింగ్ యంత్రం, మూసి ఉన్న పెయింట్ బూత్ ఉన్న షెడ్డును ఎంచుకోండి. ఆరుబయట కొట్టిన పెయింటు ఎండలో రంగు తేడా చూపిస్తుంది.

జీరో డిప్రిసియేషన్ ఉండి, నష్టం పెద్దదైతే కంపెనీ బాడీషాపుకే వెళ్లండి. నగదు చెల్లించనక్కర్లేని సదుపాయం ఇన్సూరెన్స్ సంస్థ జాబితాలోని వర్క్‌షాపుల్లోనే దొరుకుతుంది. జాబితాలో లేనిచోట ముందు మీరు కట్టి తర్వాత తిరిగి రాబట్టుకోవాలి. కొన్ని పనులకు మాత్రం ఖర్చుతో సంబంధం లేకుండా కంపెనీ వర్క్‌షాపే కావాలి. ఎయిర్‌బ్యాగులు తెరుచుకున్నా, ఛాసిస్ వంగినా, ముందు అద్దం వెనుక కెమెరా గాని బంపరులో రాడారు గాని ఉన్నా బయట చేయించకండి. తానంతట బ్రేకు వేసే సదుపాయం ఉన్న కార్లలో అద్దమో బంపరో మార్చిన తర్వాత ఆ కెమెరాను, రాడారును కొలతలు పెట్టి తిరిగి సరిచూడాలి. అది కొద్దిగా పక్కకు ఉన్నా అవసరమైన క్షణంలో కారు బ్రేకు వేయకపోవచ్చు, అనవసరంగా వేయనూవచ్చు. మీ బంపరు పగిలిందన్నారు కాబట్టి మీ మోడల్‌లో రాడారు ఉందేమో ముందు కనుక్కోండి.

వరద నీటిలో మునిగిన కారు గురించి కూడా ఇద్దరు ముగ్గురు అడిగారు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ కాలనీలను ముంచినప్పుడు ఎన్నో కార్లు నీటిలో చిక్కుకున్నాయి. అలా మునిగిన బండిని నీరు తగ్గాక స్టార్ట్ చేస్తే సిలిండర్లలోకి చేరిన నీరు ఇంజిన్‌ను లోపల విరగ్గొడుతుంది. స్టార్ట్ చేసినందువల్ల కలిగిన నష్టాన్ని, ఇంజిన్ ప్రొటెక్షన్ కవర్ లేకపోతే, మామూలు పాలసీ కింద నిరాకరించే అవకాశం ఎక్కువ. బ్యాటరీ టెర్మినల్ తీయించి, బండిని తోయించి లేదా లారీ మీద ఎక్కించి కంపెనీ వర్క్‌షాపుకు చేర్చండి.

ఎక్కడ చేయించదలచినా, క్లెయిము చేయాలనుకుంటే ఇన్సూరెన్స్ వారికి తెలియజేయకముందు కారులో ఒక్క నట్టు కూడా విప్పించకండి. నాలుగు వైపుల నుంచీ, ఓడోమీటరు కనిపించేలాగా ఫోటోలు తీసుకుని, క్లెయిము నంబరు రాసుకుని, సర్వేయర్ చూసి అంచనాకు ఒప్పుకున్న తర్వాతే పని మొదలుపెట్టించండి.